గుండె మీద రీసెర్చ్ చేసేవాళ్లు కాళ్ల రక్తనాళాలు ఎందుకు చూస్తారు?

గుండె ధమనుల్లో కొవ్వు పేరుకునే జబ్బే కాళ్ల ధమనుల్లోనూ వస్తుంది, ఒకచోట ఉంటే రెండోచోటా ఉండే అవకాశం ఎక్కువ, అందుకే యూనివర్సిటీల గుండె పరిశోధన కేంద్రాలు రెండింటినీ కలిపే చూస్తాయి. పొగతాగడం, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ధమని లోపలి పొరను దెబ్బతీస్తాయి, ఆ పొర ఒళ్లంతా ఉంటుంది కదా.

అలిపిరి మెట్లెక్కుతుంటే పిక్కలు పట్టేసి, కాసేపు నిలబడితే తగ్గి, మళ్లీ ఎక్కగానే అదే నొప్పి మొదలైతే కండరానికి రక్తం చాలట్లేదేమో చూపించుకోవాలి. దీనికి చేసే పరీక్షలో చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు, 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే కాలి ధమనుల జబ్బును అనుమానించాల్సిందే. సూది కూడా అక్కర్లేదు. (షుగర్ ముదిరినవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పొచ్చు.)

చాలామంది ఈ పిక్కల నొప్పిని వయసు నొప్పి అని వదిలేస్తారు, లేదా వెరికోస్ వెయిన్స్ అనుకుంటారు. వెరికోస్ అనేది సిరల సమస్య, ఇది ధమనులది.