వాయువీకరణమా, వాయూకరణమా?

సందేహం: భూమి లోపలి బొగ్గును తవ్వి తీయకుండా, అక్కడే మండించి గ్యాసుగా మార్చే పద్ధతి గురించి చదువుతున్నాను. ఒకరు దాన్ని ‘వాయువీకరణ’ అన్నారు, ఇంకొకరు ‘వాయూకరణం’ అన్నారు, మరొకచోట ‘బాష్పీకరణం’ అని ఉంది. ఏది సరైనది? అలాగే ‘భూగర్భ జలాలు కాలుష్యమవుతాయి’ అని రాయవచ్చా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం ‘వాయూకరణం’ సరైనది. అంతకుముందు అలా లేనిది అలా మారడాన్ని చెప్పడానికి సంస్కృతంలో ‘చ్వి’ అనే ప్రత్యయం ఉంది. అది చేరితే పదం చివరి అకారం ఈకారమవుతుంది: సరళ – సరళీకరణ, ప్రపంచ – ప్రపంచీకరణ. చివర ఇకారమో ఉకారమో ఉంటే అదే దీర్ఘమవుతుంది: శుచి – శుచీకరణ, మృదు – మృదూకరణ. వాయు శబ్దం ఉకారాంతం కాబట్టి వాయూకరణం. ‘వాయువీకరణ’లో మన తెలుగు ‘వాయువు’కు ‘ఈకరణ’ను విడిగా తెచ్చి అతికించారు. ‘విద్యుదీకరణ’ కూడా నియమం ప్రకారం కుదరదు గానీ, అది జనంలో ఎప్పుడో స్థిరపడిపోయింది, ఇప్పుడు దాన్ని దిద్దనక్కర్లేదు. వాయువీకరణ ఇంకా అంతగా పాతుకుపోలేదు.

అయినా వాయువీకరణను నేను క్షమించగలను. నా అభ్యంతరమంతా ‘బాష్పీకరణం’ మీదే. బాష్పమంటే ఆవిరి. నీరు ఆవిరైనా అది నీరే. ఆ మాట వినగానే గిన్నెలో నీళ్లు ఇగిరిపోయినట్టు బొగ్గంతా పైకి వచ్చేస్తుందనీ, కింద ఏమీ మిగలదనీ అనిపిస్తుంది. జరిగేది అది కాదు. బోర్లు వేసి, బొగ్గు పొరకు నిప్పంటించి, గాలి లేదా ఆక్సిజన్, దాంతోపాటు నీటి ఆవిరి లోపలికి పంపుతారు. బొగ్గు అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్ లాంటి వాయువులు పుడతాయి. అవి వేరే బోరు గుండా పైకి వస్తాయి. బూడిదంతా కిందే ఉండిపోతుంది, తారు, బెంజీన్, ఫినాల్ కూడా కొంత అక్కడే మిగులుతాయి. కాలిన చోట ఏర్పడిన ఖాళీలో ఒత్తిడి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడిని మించితే ఆ విషాలు పగుళ్ల గుండా నీటిలోకి పోతాయి. పని ఆపేశాక ఆ ఖాళీలోకి ఊరే నీరు కూడా వాటిని కరిగించుకుంటుంది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని హో క్రీక్ దగ్గర 1970లలో చేసిన ప్రయోగాల తర్వాత భూగర్భ జలాల్లో బెంజీన్ చేరింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2016లో ఈ పద్ధతినే నిషేధించింది. ఇలాంటి పనికి ఆవిరి పేరు పెడితే చదివేవారికి అసలు ప్రమాదం కనబడదు.

ఇక ‘కాలుష్యమవుతాయి’ అన్నది తప్పే, మీ అనుమానం నిజం. కాలుష్యం అనేది కలుషంగా ఉండటానికి పేరు. జలాల్లో కాలుష్యం చేరుతుంది, జలాలు కలుషితమవుతాయి.

వాయూకరణం శాస్త్ర వ్యాసాలకు సరిపోతుంది. అయితే ఆ బోర్ల పక్కనే బావినీళ్లు తాగే జనానికి ఇచ్చే ప్రకటనలో మాత్రం ‘భూమిలోనే బొగ్గును మండించి గ్యాసు తీయడం’ అని రాయండి. నిప్పు పెట్టేది తమ నీళ్ల పక్కనేనని వాళ్లకు ఆ మాటలోనే తెలియాలి.