అప్పుల్లో ఉన్న ఇల్లు ప్రభుత్వ సాయం తీసుకుంటే తప్పా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంట్లో ఐదుగురం. మూడెకరాల బత్తాయి తోట నీళ్లు లేక ఎండిపోయింది, వేసిన నాలుగు బోర్లూ పోయాయి. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన రెండు లక్షలు అట్లాగే ఉన్నాయి. రేషన్ కార్డుకు పెట్టుకుందామన్నా, ఉపాధి పనికి పోదామన్నా మా ఆయన పరువు పోతుందంటాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బావగారు ‘ఎవరి అప్పుకు వాళ్లే బాధ్యులు, ప్రభుత్వం మీద పడి బతకొద్దు’ అంటారు. నా బంగారం అమ్మి ఐదో బోరు వేయాలని మా ఆయన, పదిహేడేళ్ల బిడ్డను ఇంటర్ మాన్పించి పెళ్లి చేస్తే కల్యాణలక్ష్మి డబ్బు వస్తుందని అత్తమ్మ పట్టుబడుతున్నారు. ‘నేను పోతే అన్నీ తీరుతాయి’ అని ఆయన ఈ మధ్య ఒకసారి అన్నాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెబుతాను. అప్పుల్లో ఉన్న రైతు నోట ఆ మాట ఒక్కసారి వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. ఇంట్లో, కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలను ఈరోజే ఆయనకు అందని చోటికి చేర్చండి. ఆయనను ఒంటరిగా బావి దగ్గరికి పంపకండి. అలాంటి ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల కీడు జరగదు. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మీరు కూడా మాట్లాడండి.

ఇక మీ బావగారి మాట. అప్పు తీర్చవలసింది మీ ఇల్లే, అందులో సందేహం లేదు. కానీ వాన పడకపోవడానికి, బండరాతి నేలలో నీరు పగుళ్లలో తప్ప దొరకకపోవడానికి మీ భర్త బాధ్యుడు కాడు. ఆయన చేతిలో ఉన్నది ఇకపై తీసుకునే నిర్ణయం. ఇలాంటి నేలలో ఎంత లోతుకు పోతే అంత నీరు పడుతుందన్న హామీ లేదు కాబట్టి, నాలుగు బోర్లు పోయిన చోట మీ బంగారం అమ్మి ఐదోది వేయడమే నా దృష్టిలో అసలైన బాధ్యతారాహిత్యం. దానికి మీరు ఒప్పుకోవద్దు.

రేషన్ బియ్యం, ఉపాధి పని మాత్రం ఎవరో జాలిపడి పెట్టే భిక్ష కావు. ఆహార భద్రతకు 2013లో, ఉపాధి హామీకి 2005లో పార్లమెంటు చట్టాలు చేసింది సరిగ్గా ఇలాంటి రోజుల కోసమే. ఉపాధిలో వచ్చేది చేసిన పనికి కూలి. మన రాష్ట్రంలో 2025 నుంచి కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు, అంటే మీ ఐదుగురికి 30 కిలోలు. మీ అప్పుకు మిత్తి నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. మూడేళ్లు తిరగకముందే మిత్తి అసలును మించిపోతుంది. బియ్యం కొనే డబ్బు మిగిలితే, కూలి డబ్బు చేతికి వస్తే, మొదటిసారిగా అసలులో కొంతైనా కట్టగలుగుతారు. సాయం తీసుకుని అప్పు తీర్చే మనిషిని బాధ్యత లేనివాడని ఎలా అనగలం? మీ బావగారితో వాదన పెట్టుకోకుండా, మిత్తి లేకుండా కొంత సర్దగలరా అని మాత్రం అడగండి.

మీ అత్తమ్మ మాటకు నేను ఎంతమాత్రం ఒప్పుకోను. కల్యాణలక్ష్మి కింద ఇచ్చే 1,00,116 రూపాయలు పెళ్లి ఖర్చుకు ఆసరాగా ఉద్దేశించినవే గానీ, షావుకారుకు కట్టడానికి ఆడపిల్ల చదువు మాన్పించమని ఇచ్చేవి కావు. పైగా పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరం, ఆ పథకమూ వర్తించదు. ఒక తరం అప్పును ఇంకో తరం మెడకు కట్టే ఈ ఆలోచనకు మీ ఇంట్లో అడ్డు నిలవగలిగింది మీరే. ఫీజుల భారం ఉంటే ప్రభుత్వ జూనియర్ కళాశాల, సంక్షేమ హాస్టల్, ఉపకార వేతనం గురించి కాలేజీలోనే విచారించండి.

మీ భర్తతో మాట్లాడేటప్పుడు ‘నీవల్లే ఇట్లయింది’ అనకండి. అప్పులన్నీ ఒక కాగితం మీద ఆయన చేతనే రాయించండి. రేషన్ దరఖాస్తుకు మీసేవకు మీరే వెళ్లండి, జాబ్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకుని మొదటివారం పనికి మీరే పోయిరండి. ఊళ్లో ఎంతమంది ఆసాములు అక్కడ పని చేస్తున్నారో ఆయనకు తర్వాత తెలుస్తుంది. షావుకారుకు ఎంత కట్టినా ప్రామిసరీ నోటు వెనుక తేదీతో చెల్లు రాయించుకోండి. అతడు వేధిస్తే కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి; మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.