ఆక్టోపస్ అచ్చు బొమ్మను చూసే పద్ధతి

చిరంజీవి మనవరాలికి, ఆశీస్సులు.

గోడకు తగిలించిన ఆ ఆక్టోపస్ బ్లాక్ ప్రింట్ (చెక్కిన దిమ్మకు సిరా పూసి కాగితం మీద అద్దిన బొమ్మ) చూసి "ఇందులో ఏముంది తాతయ్యా, చిన్నపిల్లలు గీసినట్టుంది" అన్నావు. అన్నా తప్పేం లేదు. కానీ అది అచ్చం ఆక్టోపస్‌లా ఉందా అని కాసేపు అడగకు. పోలిక కావాలంటే ఫోటో ఉంది కదా.

ముందు తెలుపును చూడు. దిమ్మ మీద ఉలితో ఎక్కడ తవ్వితే అక్కడ సిరా అంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. నల్లగా ఉన్నదంతా చెక్కినతను ముట్టుకోని చోటు. ఒకసారి తవ్విన గీతను మళ్ళీ పూడ్చడం కష్టం కాబట్టి, ప్రతి తెల్ల గీతా ఆలోచించి వేసిందే.

ఇప్పుడు ఆ జీవి సంగతి. దానికి ఎముకలుండవు. క్షణాల్లో రంగు మారుస్తుంది, ఇరుకు సందులోంచి జారిపోతుంది. అలాంటిదాన్ని కదలని దిమ్మలో, ఒక్క నలుపుతో పట్టుకోవాలి! అందుకే ఆధునిక చిత్రకారులు వివరాలు వదిలేసి మెలికను పట్టుకున్నారు. ఒక్కో చేయి ఎటు తిరిగిందో కంటితో వెంబడించు. బుడిపెల వరుస చేయి చివరికి పోయేకొద్దీ చిన్నదవుతుంటే, ఆ చేయి నీకు దూరంగా పోతున్నట్టు అనిపిస్తుంది. నీడ వేయకుండానే లోతు వచ్చేసింది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఫ్రెంచ్ చిత్రకారుడు రౌల్ డ్యూఫీ చెక్కినవి కూడా వెతికి చూడు. కవి అపోలినేర్ జంతువుల మీద రాసిన కవితల పుస్తకానికి వేశాడు, 1911లో వచ్చింది. ఆక్టోపస్, జెల్లీఫిష్ రెండూ ఉన్నాయి. అవి చెక్క మీద చెక్కినవి. చెక్కకు నార ఉంటుంది, అడ్డంగా కోస్తే ఉలికి ఎదురు తిరుగుతుంది. చెక్కకు బదులు లినోలియం మీద కూడా చెక్కుతారు. అది నేల మీద పరవడానికి అవిసె నూనె, బెండు పొడి కలిపి చేసిన సరుకు. నార ఉండదు, ఎటైనా సాఫీగా తిరుగుతుంది. అలాంటి మెలికలకు అది బాగా కలిసొస్తుంది.

దిమ్మ మీద చెక్కిన బొమ్మ కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుందని కూడా గుర్తుంచుకో.

కింద పెన్సిల్‌తో 7/50 లాంటి అంకె ఉంటే, మొత్తం 50 ప్రతుల్లో అది ఏడో నంబరుదని. అంకె చిన్నదైతే గొప్పదని అమ్మేవాళ్ళు అంటారు, పట్టించుకోకు. చాలాసార్లు ఆ అంకెలు అచ్చు తీసిన వరుసలో కూడా ఉండవు. సిరా ఎంత సమంగా పడిందో చూసుకో, చాలు.

మీ తాతయ్య