పొట్టేలు పిల్లల్ని చూపు బేరానికి ఇయ్యకు అన్నా

అన్నా, ధర్మాబాద్ దిక్కు నీకు 12 పొట్టేలు పిల్లలున్నయి, నాలుగు నెలలవి, మారుబేరగాడు (కొని మళ్ల అమ్మేటోడు) కాంటా ఎయ్యకుంట ఉత్తగ చూసుడుతోనే తలకు 5 వేలంటుండు, ఇయ్యాల్నా ఆగాల్నా అని అడిగినవ్ గదా. ఇప్పుడే ఇయ్యకు.

ముందుగాల ఒక వేలాడే కాంటా కొను, గోనెసంచి ఊయల లెక్క కట్టి పొద్దుగాల మేతకు తోలకముందే తూకమెయ్యి, కడుపు నిండినంక తూగితే బరువు ఎక్కువ చూపిస్తది, అది కొనేటోనికి గూడ తెలుసు. పొట్టేలు కోస్తే బతికున్న బరువుల సగానికి కొంచెం తక్వనే మాంసం పడుతది, 25 కిలోలదైతే 11, 12 కిలోలు. మీ ఊళ్లె మటన్ కిలో 800 అనుకో, లెక్క నువ్వే చూస్కో, తలకాయ, కాళ్లు, తోలు వేరే.

ఇంకో మూడు నెలలు మంచిగ మేపు. మక్కలు, నూనె తీసిన చెక్క, తవుడు కలిపి ఒక్కో పిల్లకు రోజుకు 50 గ్రాములతోని షురూ చేసి రెండు వారాలల్ల మెల్లగ 250 దాక పెంచు. ఒక్కసారే గింజలు పోస్తే చిటుక రోగమొచ్చి బలిసిన పిల్లలే తెల్లారేసరికి చస్తయి, నాయి రెండు అట్లనే పోయినయ్, ఇప్పటికీ పానం కలుక్కుమంటది. అందుకే ముందే నట్టల (కడుపుల పురుగుల) మందు తాపి చిటుక టీకా ఏయించు.

నడుం మీద చెయ్యి పెట్టి ఒత్తి చూడు, ఎముక వేళ్లకు గుచ్చుకుంటే ఇంకా టైముంది, గుండ్రంగ మెత్తగ తగిలితే అమ్మొచ్చు. గుర్తు కోసమని చెవులు మాత్రం కొయ్యకు, బక్రీదుకు కొనేటోళ్లు లోపం లేనియే చూస్తరు. పక్క మందలోళ్లతోని కలిసి ఒక బండి మాట్లాడుకుంటే హైదరాబాద్ జియాగూడ గొర్రెల మండికి గూడ తోలుకపోవచ్చు.