నాలుగు సార్లు వేస్తే ఆరు పడుతుందా?

ప్రశ్న: పాచిక ఒకసారి వేస్తే ఆరు పడే ఛాన్స్ 1/6 కదండీ, మరి నాలుగు సార్లు వేస్తే 4/6 అవ్వాలిగా? మా సార్ తప్పు అంటున్నారు, ఎందుకో అర్థం కావట్లేదు.

జవాబు: మీ సారే కరెక్టండీ. మీ లెక్కన ఆరు సార్లు వేస్తే 6/6, అంటే ఆరు పడి తీరాలి, ఏడుసార్లు వేస్తే 7/6 అట, అదేం ఛాన్సో మరి! పది సార్లు వేసినా ఆరు పడక తిట్టుకున్న రోజులు అందరికీ ఉంటాయి.

ఇక్కడ ఉల్టాగా ఆలోచించాలి. అసలు ఆరు పడకుండా ఉండే ఛాన్స్ ప్రతిసారీ 5/6, పాచికకి ఇందాక ఏం పడిందో గుర్తుండదు కాబట్టి ఒక్కో వేత దేనికదే, అందుకే కూడకుండా గుణించాలి, 5/6ని నాలుగు సార్లు గుణిస్తే 625/1296 వస్తుంది, దాన్ని 1లోంచి తీసేస్తే 671/1296, అంటే దాదాపు 51.8 శాతం. సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

ఇంకో తమాషా, రెండు పాచికలు కలిపి 24 సార్లు వేస్తే ఒక్కసారైనా రెండూ ఆరు పడే ఛాన్స్ 49.1 శాతమే. 1654లో ఫ్రెంచ్ గణితజ్ఞులు పాస్కల్, ఫెర్మా ఉత్తరాల్లో చర్చించుకున్నవి ఇలాంటి జూదం లెక్కలే. రెండూ ఆరు పడకుండా ఉండే ఛాన్స్ ప్రతిసారీ 35/36, దాన్ని 24 సార్లు గుణించి 1లోంచి తీసేసి చూడండి, కాలిక్యులేటర్ తప్పనిసరి.