స్వభావమే చెడ్డదైతే తప్పు ఎవరిది? అరిస్టాటిల్ ఏమన్నాడు?

క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాడు. ఎవరో బలవంతంగా ఈడ్చుకెళ్తేనో, అసలు సంగతి తెలియకపోతేనో మనిషిని తప్పుపట్టలేం అంటాడు (తెలియక చేసినవాడు తర్వాత బాధపడాలి సుమా). మరి తుఫానులో ఓడ మునగకుండా సరుకు సముద్రంలో పారేస్తే? మామూలుగా ఎవరూ కోరి చేయని పనే. అయినా ఆ క్షణంలో ఎంచుకున్నది అతనే కాబట్టి, అది ఇష్టపూర్వకంగా చేసినదానికే దగ్గర.

ఇక స్వభావం. ధైర్యమైనా పిరికితనమైనా పదేపదే చేసిన పనులతోనే స్థిరపడుతుంది. స్థిరపడ్డాక వద్దనుకున్నంత మాత్రాన పోదు. విసిరిన రాయిని వెనక్కి రప్పించలేం, కానీ విసరకుండా ఉండటం మన చేతిలో పనే కదా అంటాడు. తాగి నేరం చేసినవాడికి శిక్ష రెట్టింపు చేయడాన్ని ఉదాహరణగా చూపేది ఇందుకే. తాగకుండా ఉండటం వాడి వశంలోనే ఉంది. మైటిలీని అనే గ్రీకు నగరాన్ని పాలించిన పిటకస్ అలాంటి చట్టమే చేశాడు.

నాకు బలహీనంగా అనిపించేది పెంపకం విషయం. మంచి అలవాట్లు చిన్నప్పుడే పడాలని ఆయనే గట్టిగా చెబుతాడు. ఆ వయసులో ఎంచుకునేది పిల్లలు కాదుగా! దీనికి ఆయన జవాబు, మన స్వభావానికి మనమూ కొంతవరకు కారకులమే అన్నంత వరకే వెళ్తుంది.