నాయనకు హెచ్‌ఆర్‌సీటీ రాశారు: కాంట్రాస్ట్ కావాలా, రెండుసార్లు ఎందుకు తీయాలి?

మిర్యాలగూడ పక్క ఊర్లో ఉన్న మీ నాయనకు నెలల తరబడి పొడిదగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం అంటున్నారు. కొట్టంలో వరిగడ్డి, మిద్దె మీద పావురాలు. డాక్టరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ (గడ్డి బూజు, పావురాల ధూళి లాంటివి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు వాచే జబ్బు) అనుమానంతో హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా, అంటే స్లైసులుగా, చూపే సీటీ స్కాన్) రాస్తే, స్కానింగ్ సెంటర్‌లో "కాంట్రాస్టా, ప్లెయినా?" అని అడుగుతున్నారు.

ప్లెయిన్ చాలు. ఇక్కడ చూసేది ఊపిరితిత్తి సన్నటి అల్లికను, దానికి కాంట్రాస్ట్ అనే సూదిమందు అక్కర్లేదు. రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే అది వేరే సంగతి.

చీటీ మీద ఇలా రాయించుకోండి: స్లైసు మందం 1.5 మిల్లీమీటర్లకు మించొద్దు, గాలి నిండా పీల్చి ఒకసారి, మొత్తం వదిలి ఇంకోసారి. రెండోది అడగకపోతే చాలాచోట్ల తీయరు. ఈ జబ్బుకు మాత్రం సగం సాక్ష్యం దాంట్లోనే ఉంటుంది. గాలి వదిలితే మంచి ఊపిరితిత్తి అంతటా తెల్లబడాలి. చిన్న గాలిగొట్టాలు వాచి మూసుకుపోయిన చోట గాలి ఇరుక్కుని ఆ ముక్క నల్లగానే మిగులుతుంది. రిపోర్టులో ఎయిర్ ట్రాపింగ్ అనేది దాన్నే. ఆస్తమాలోనూ ఇది కనబడుతుంది, కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుని తేల్చరు. మసక అద్దంలాంటి గ్రౌండ్ గ్లాస్, మామూలు ముక్క, నల్ల ముక్క మూడూ పక్కపక్కనే కనబడితే త్రీ డెన్సిటీ అంటారు. ఊపిరితిత్తి గట్టిపడుతున్న దశలో ఈ జబ్బును బాగా పట్టిచ్చే గుర్తు ఇది.

చెడేది మిషన్ దగ్గర కాదు, ఊపిరి దగ్గర. సగం పీల్చి ఆపితే మంచి ఊపిరితిత్తి కూడా గ్రౌండ్ గ్లాస్‌లా కనబడి, లేని జబ్బు రిపోర్టుకెక్కుతుంది. మధ్యలో దగ్గితే గీతలన్నీ రెండేసిగా వస్తాయి. టేబుల్ ఎక్కకముందే "నిండా పీల్చు, ఆపు", "అంతా వదులు, ఆపు" అని నాలుగైదుసార్లు చేయించండి. 10 సెకన్లు ఆపగలిగితే బాగా సరిపోతుంది. గాలి నిజంగా వదిలారా లేదా అన్నది బొమ్మలోనే తెలుస్తుంది: శ్వాసనాళం వెనక గోడ చదునుగానో, లోపలికి వంగో ఉండాలి. గుండ్రంగానే ఉంటే ఆ స్కాన్‌ను నమ్మి ఎయిర్ ట్రాపింగ్ లేదనడం తప్పు. రేడియాలజిస్టును ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు.

వెన్నువైపు అడుగున మాత్రమే తెల్లగా ఉంటే బోర్లా పడుకోబెట్టి అక్కడి వరకు మళ్లీ తీస్తే చాలు. బరువుకు అణిగిన తెలుపైతే పోతుంది, జబ్బుదైతే పోదు.

ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సన్న స్లైసులున్న సీడీ తీసుకోండి. హైదరాబాద్‌లో ఇంకో డాక్టరుకు చూపించాలంటే అదే పనికొస్తుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టాలనుకుంటే, ఆయాసం మరీ ఎక్కువ లేనప్పుడు, స్కాన్ ముందే అయిపోవడం మంచిది. మందు పడ్డాక గ్రౌండ్ గ్లాస్ తగ్గిపోయి మొదట ఎలా ఉండేదో తెలియదు.

ఇంకొకటి. గడ్డి, పావురాలు, కోళ్లు, బూజుపట్టిన కూలర్ గడ్డి, పాత టీబీ, పొద్దున్నే బిగుసుకునే కీళ్లు: వీటిలో ఏది ఉన్నా చీటీ మీద రాయించండి. కీళ్లవాతం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కూడా స్కాన్‌లో దగ్గరదగ్గరగా ఇలాగే ఉండొచ్చు. పాత ఎక్స్‌రేలు ఎన్నేళ్లవైనా సంచిలో పెట్టుకుని వెళ్లండి.